జీన్ గారి గుడీ, ఆవిడ మోకాళ్లూ

ఇంగ్లండు వెళ్లి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధివాళ్లు రాజుగారి కోట చూశావా, పెద్ద గడియారం చూశావా అని అడుగుతూనే ఉన్నారు. రెండూ చూడలేదు. నేను చూసింది ఒక పల్లె, ఆ పల్లెలో ఒక పాత గుడి. ఉన్నన్నాళ్లూ ఏదో ఒక వంకన దాని లోపలికి వెళ్తూనే ఉన్నాను. వెళ్లిన ప్రతిసారీ కుళ్లుకుని బయటికి వచ్చాను. మా తోటికోడలు రవ్వల దుద్దులు చేయించుకున్న ఏడు కూడా నేను అంత కుళ్లుకోలేదు.

మేము క్రైస్తవులం. మా వైపు చర్చిని గుడి అనే అంటాం. నర్సీపట్నంలో మా గుడి ఒక రేకుల షెడ్డు. దాని చుట్టూ కొత్త గుడికని లేపిన కాంక్రీటు స్తంభాలున్నాయి. వాటి నెత్తిన ఇనుప ఊచలు శ్లాబు కోసం ఎదురుచూస్తూ తుప్పు పట్టాయి. వాన పడితే పాస్టరు అయ్యగారి ప్రసంగం వినబడదు, రేకుల ప్రసంగమే. ఆదివారం చాపల మీద చోటు చాలక పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం. ఈ సంగతి ముందే చెప్పకపోతే నా కుళ్లు మీకు అర్థం కాదు.

నేను వెళ్లింది గుడి కోసం కాదు, మేనకోడలి కోసం. మా తమ్ముడు సుధాకర్ పాకే వయసులో మా అమ్మ పోయింది. రోలుగుంట దగ్గర మా పల్లెలో వాణ్ని చంకలో వేసుకునే బడి మానేశాను, చంకలో వేసుకునే నీళ్లు మోశాను, చంకలో వేసుకునే పెళ్లిచూపులకు కూర్చున్నాను. నేను కాపురానికి నర్సీపట్నం వచ్చినప్పుడు నా ట్రంకుపెట్టెతోపాటు వాడూ వచ్చాడు. నన్ను అప్పా అంటాడు, మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. వాడి భార్య సునీత నర్సు. ఆ పిల్లకు అక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం దొరికితే ఇద్దరూ వెళ్లారు. వాడు రొట్టెలు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇన్నాళ్లకు ఆడపిల్ల పుట్టింది. సునీత వాళ్లమ్మ రైలెక్కడానికే దణ్ణం పెట్టే మనిషి, విమానం ఎక్కను గాక ఎక్కనంది. పురుటి సాయానికి నేను బయల్దేరాను.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మం రోజు బిడ్డను మేనత్తే ఎత్తుకుని గుడి ముందుకు తీసుకెళ్తుంది. అయ్యగారు స్టీలు గిన్నెలో చెయ్యి ముంచి, బిడ్డ పేరేమిటని అడిగితే మేనత్తే చెప్తుంది. ఇది బైబిల్లో లేదు, మా ఇళ్లలో ఉంది. నా పేరు మా మేనత్త చెప్పింది. మా అమ్మ పేరు వాళ్ల మేనత్త చెప్పింది. పుట్టేది ఆడపిల్లని తెలిసిన రోజే అమ్మ పేరు పెడదామని ఫోన్లో అనుకున్నాం. మార్త. ఏటికొప్పాక వెళ్లి ఎర్ర లక్క, పసుపు లక్క పూసిన గిలక కొన్నాను. తెల్ల గౌను కుట్టించాను. విమానంలో కూర్చున్నంతసేపూ పెదాలు కదలకుండా ఆ పేరు చెప్పుకుంటూనే ఉన్నాను, అసలు రోజున గొంతు వణక్కూడదని.

దిగిన ఇల్లు

ఆ ఊరు నార్విచ్ అనే పట్నానికి బస్సు దూరం. చదునైన పొలాలు, మధ్యలో సన్నటి రోడ్డు, రోడ్డుకు రెండువైపులా కత్తిరించిన కంచెలు. మనుషులు మాత్రం కనబడరు. కర్ఫ్యూ పెట్టారేమో అనుకున్నాను. ఒక గుమ్మం ముందు బుట్టనిండా యాపిల్ పండ్లు, పక్కన డబ్బులు వేయడానికి డబ్బా ఉన్నాయి. కాపలా ఎవరూ లేరు. మా నర్సీపట్నం అబీద్ సెంటరులో అలా పెడితే పండ్లు, డబ్బులు, డబ్బా, బుట్ట నాలుగూ పోతాయి.

తలుపు తీసింది మా మరదలు కాదు. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పొడుగాటి పెద్దావిడ. ఆవిడ భుజం మీద నా మేనకోడలు నిద్రపోతోంది.

పక్కింటావిడట, పేరు జీన్. నేను చేతులు కడుక్కుని బిడ్డను అందుకున్నానో లేదో గుక్కపట్టింది. నేను ఊపాను, జోకొట్టాను, మా తమ్ముణ్ని నిద్రపుచ్చిన పాటే పాడాను. ఊహూఁ. జీన్ గారు ముక్కులోంచి ఏదో కూనిరాగం తీస్తూ మళ్లీ భుజాన వేసుకుంది. అంతే, మానేసింది. ఏడు సముద్రాలు దాటి వచ్చిన మేనత్త అక్కడ మంచినీళ్లు తాగుతూ కూర్చుంది.

సునీత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. నొప్పులు వచ్చిన రోజు సుధాకర్ ఫ్యాక్టరీలో ఉన్నాడు. అక్కడ ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు. జీన్ గారే కారులో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లి, వాడు వచ్చేదాకా సునీత చెయ్యి వదల్లేదట. అందుకని బిడ్డకు జ్ఞానతల్లిగా ఆవిణ్నే ఉండమన్నారు. బాప్తిస్మం రోజు బిడ్డను ఎత్తుకుని నిలబడేది ఆవిడే.

నేను మా తమ్ముడి మొహం చూశాను. వాడు గోడ చూశాడు.

"ఇక్కడలాగే సేత్తారప్పా. నువ్వూ పక్కనే ఉంటావు గదా," అన్నాడు.

పక్కనే. ఆ మాట చేపముల్లులా గొంతులో పడింది. ఆ రోజు అన్నం మానేశాను. ఎవరూ బతిమాలలేదు. అలిగానని వాళ్లకు తెలియలేదు, ప్రయాణం బడలిక అనుకున్నారు.

గుడి వాకిట్లో

రెండు రోజులు పోయాక జీన్ గారు గుడి చూపిస్తానంది. సునీత బిడ్డను తోపుడు బండిలో వేసుకుని మాతో వచ్చింది. ఆ గుడికి తాళం తీసేది, వేసేది కూడా జీన్ గారేనట. కోటు జేబులోంచి అట్లకాడంత తాళంచెవి తీసింది. పిల్ల ఆవిడదే, గుడి కూడా ఆవిడదే అనుకున్నాను.

గుడి చుట్టూ సమాధులే. మాకు సమాధుల దొడ్డి ఊరి చివర ఉంటుంది, అక్కడికి చీకటి పడితే ఎవరం పోం. వీళ్లు ఆదివారం గుడికి రావాలంటే తాతల మధ్య నుంచే నడిచి రావాలి. రాళ్లు వంగిపోయాయి, నాచు పట్టింది. అయినా ఉన్నాయి. మా అమ్మకు పెట్టిన సిమెంటు సిలువ ఒక గాలివానకు పడిపోయింది. ఫలానా చింతచెట్టుకు ఎడంపక్క అని చెప్పుకోవడమే ఇప్పుడు. ఆ చెట్టు కూడా కొట్టేశారు.

వాకిట్లో నేను అలవాటు ప్రకారం చెప్పులు విడిచి, చీరచెంగు తలమీదికి లాక్కుని లోపల అడుగు పెట్టాను. ఆ రాతినేల చలి అరికాళ్లలోంచి నడినెత్తికెక్కింది. మరి గుడిలోకి చెప్పులతో ఎలా వెళ్తాం? జీన్ గారు మాత్రం బూట్లతోనే టకటకా నడిచిపోయింది. కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగి, నా కాళ్లు చూసి, గబగబా వెళ్లి ఏదో తెచ్చి నా పాదాల కింద పెట్టింది. మందంగా ఉన్న చిన్న పరుపు, దాని మీద ఊలుదారంతో కుట్టిన సిలువ, ద్రాక్షపళ్లు. సిలువ మీద కాలెలా పెట్టను? ఆ పరుపుకు ఇటొక కాలు, అటొక కాలు వేసుకుని నిలబడ్డాను. సునీత పళ్లు బిగించి నవ్వు ఆపుకుంటోంది.

"వదినా, అది మోకాళ్లకండి, కాళ్లకి కాదు. ఆవిడకేటి తెల్సు, మీకు సలేత్తందని తెచ్చేరు."

నేను నిలబడ్డ చోటు కూడా సమాధి రాయేనని అప్పుడే కిందికి చూసి తెలుసుకున్నాను. నేల నిండా పేర్లు. ఐదో తరగతి వరకే చదివినా ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలను. నా కుడికాలి దగ్గర అరిగిపోయిన పేరు కూడబలుక్కుంటే మార్త అని వచ్చింది.

మా అమ్మ పేరు. వీళ్ల నేలమీద, రాతిలో, ఎప్పటినుంచో ఉంది. నేనేదో విమానంలో కొత్తగా మోసుకొస్తున్నాననుకున్నాను.

లోపల

లోపలి సంగతి తీరిగ్గా చెప్తాను, వెళ్లనివాళ్లు కళ్లు మూసుకుని చూడండి.

ముందు వాసన. తడి రాయి, కొవ్వొత్తి, పాత పుస్తకాలు కలిసిన వాసన. తర్వాత నిశ్శబ్దం. మా గుడిలో ఎవరూ లేనప్పుడు కూడా బయట ఆటోల మోత ఉంటుంది. ఇక్కడ మన ఊపిరి మనకే వినబడుతుంది. గోడలు మూరెడు కాదు, బారెడు మందం. కిటికీలకు రంగు అద్దాలు. పొద్దు తిరిగేకొద్దీ ఆ రంగులు నేలమీద మెల్లగా జరుగుతాయి.

వాళ్లకు అది కోతపండుగ వారం. కిటికీ గట్ల మీద గుమ్మడికాయలు, యాపిల్ పండ్లు, గోధుమ కంకులు, మధ్య మధ్య బీన్స్ డబ్బాలు పెట్టారు. మాకూ కోతపండుగ ఉంటుంది. ధాన్యం బస్తాలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన నాటుకోళ్లు తెస్తారు. ప్రార్థన అయ్యాక వేలంపాట. కోడి ప్రసంగం మధ్యలో అరుస్తుంది, ఎవరి కోడి ఎంతకు పోయిందో వారమంతా చెప్పుకుంటాం. ఇక్కడ వేలం లేదు, లేనివాళ్లకు పంచేస్తారట. గుమ్మడికాయల్ని కూడా రంగు చూసి వరసలో పెట్టారు.

తల పైకెత్తాను. కప్పు మొత్తం కర్ర. ప్రతి దూలం చివరా రెక్కలు చాపిన దేవదూత. ఎవరో వడ్రంగులు, పేరు కూడా తెలియనివాళ్లు, చెక్కి అంత ఎత్తున పెట్టి వెళ్లిపోయారు. కొందరు దూతలకు మొహాలు లేవు. ఏనాడో వీళ్లలో వీళ్లకే మతం గొడవలు వచ్చి విరగ్గొట్టారట. మొహాలు లేకపోయినా రెక్కలున్నాయి. మా కప్పు చూస్తే ఫ్యాను, ఫ్యానుకు కట్టిన నిరుటి క్రిస్మస్ రంగుకాగితం కనబడతాయి. నేను మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ప్రభువా, ఇంత గుడికి ఎంతమంది వస్తారు అని సునీతను అడిగాను. మంచి ఆదివారమైతే పదిమంది అంది. నాకు ఒళ్లు మండింది. పదిమందికి ఇన్ని దూలాలా! మా వాళ్లు ఒక్క శ్లాబు కోసం ఎన్ని ఉపవాస ప్రార్థనలు చేశారు!

ఒక మూల బకెట్టు కనబడింది. చూస్తుండగానే పైనుంచి అందులోకి టప్పున చుక్క పడింది. ఆ చుక్కతో నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది. బల్లల మీద గబ్బిలాల పెంట కూడా ఉంది. జీన్ గారు సిగ్గుపడుతూ చేతిగుడ్డతో తుడిచేసింది. తుడవనక్కర్లేదమ్మా, అలాగే ఉంచు అనాలనిపించింది.

గోడమీద పాలరాతి పలక ఒకటి ఉంది. ఇక్కడ పుట్టి ఇండియాలో చనిపోయిన సైనికుడిదని జీన్ గారు చూపించింది. మా నర్సీపట్నంలోనూ మీ దొరల సమాధులున్నాయని సునీతతో చెప్పించాను. ఆవిడ ఆశ్చర్యపోయి, వాటిని ఎవరు చూసుకుంటారని అడిగింది. నేనేం చెప్పను? వాళ్లకు పుట్టిన చోటా రాయే, పోయిన చోటా రాయే. మా అమ్మకు ఒక్క చోటా లేదు.

తలుపుకు ఎదురుగోడ మీద పెద్ద బొమ్మ ఉంది. సున్నం కింద శతాబ్దాలు దాగి బయటపడిందట, సగం చెరిగిపోయింది. ఒక ఎత్తరి మనిషి కర్ర ఊతంతో ఏరు దాటుతున్నాడు. భుజం మీద చిన్నబిడ్డ. ఏట్లో చేపలు అతని కాళ్ల మధ్య తిరుగుతున్నాయి. ఆ బిడ్డ అతని బిడ్డ కాదట. దారిన పోయేవాళ్లను ఏరు దాటించడమే అతని పనట. తమ్ముణ్ని మోసిన చంక నాది, నాకు ఆ బొమ్మ ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. పక్కనే జీన్ గారు తోపుడు బండిలోంచి మార్తను తీసి భుజాన వేసుకుంది. నేను బొమ్మ చూడడం మానేశాను.

మోకాళ్ల పరుపులు ప్రతి బల్లకూ కొక్కేనికి వేలాడుతున్నాయి. ఊరి ఆడవాళ్లు కుట్టినవి. ఒకదాని మీద పడవ, ఒకదాని మీద కుక్క, ఒకదాని మీద ఎవరి ఇంటి ముందరి గులాబీయో. అంచున కుట్టినవాళ్ల పేరు అక్షరాలు. చనిపోయినవాళ్లవీ ఉన్నాయి, వాటి మీద ఇంకా మోకాళ్లు వేస్తున్నారు. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గుడి ఊడుస్తున్నాను, చాపలు దులుపుతున్నాను, క్రిస్మస్‌కు వాకిట్లో ముగ్గులు పెడుతున్నాను. ముగ్గు మధ్యాహ్నానికి చెరిగిపోతుంది. నా చెయ్యి పడినట్టు ఆనవాలు ఏదీ?

జీన్ గారు కూడా చాలా కుట్టిందట. కాని తాను మోకాళ్లూనలేదు. కీళ్లు అరిగిపోయాయి, ప్రార్థన కూర్చునే చేసుకుంటుంది. అది విని నేను అక్కడికక్కడే ఒక పరుపు తీసి మోకాళ్లేసి ప్రార్థన చేసుకుని, ఏ ఊతమూ లేకుండా లేచాను. అవసరం లేకపోయినా ఇంకోసారి చేశాను.

ఆదివారం ఆరాధన

బాప్తిస్మం వచ్చే ఆదివారం. దానికి ముందు ఆదివారం మామూలు ఆరాధనకు వెళ్లాం. ఆడవాళ్ల వైపు ఏదని వెతికితే అలాంటిది లేదు, మొగుడూ పెళ్లాం ఒకే బల్ల మీద. అయ్యగారి కోసం చూస్తే అమ్మగారు వచ్చింది. మెడలో తెల్లపట్టీ, చేతిలో కారు తాళాలు. ఆవిడకు ఇలాంటి గుళ్లు ఇంకా చాలా ఉన్నాయట, ఒకదాని తర్వాత ఒకటి చుట్టేస్తుంది. మా గుడిలో ఆడవాళ్లం చీపురు పట్టుకున్నాం, మైకు పట్టుకోలేదు. ఈ కుళ్లు కూడా కలిపి లెక్క వేసుకోండి.

పాటలు నెమ్మదిగా ఉన్నాయి. డోలక్ లేదు, చప్పట్లు లేవు. తర్వాత అమ్మగారు ప్రార్థిద్దాం అంది. ఆ మాట నాకు తెలుసు. ఇక్కడ జరిగిందే ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

మా గుడిలో ప్రార్థిద్దాం అంటే అందరం ఒకేసారి పైకి ప్రార్థిస్తాం. ఎవరి మొర వాళ్లది. కోడలు అత్త మీద, అత్త కోడలి మీద పక్కపక్కనే కూర్చుని చెప్పుకుంటారు. ఆ హోరులో ఎవరిది ఎవరికీ వినబడదు. అదే అలవాటున నేను కళ్లు మూసుకుని, చేతులెత్తి మొదలుపెట్టాను.

"ప్రభువా, తల్లినేని పిల్లోణ్ని ఈ సంకలో ఏసుకుని పెంచినాను, నీకు తెల్సు. ఈళ్లకి ఇంత గుడిచ్చేవు, కప్పునిండా దూతల్నిచ్చేవు. మాకు రేకులిచ్చేవు. సరే అని ఊరుకున్నాను. ఇప్పుడు నా మేనగోడల్ని కూడా ఈ జీన్‌కే ఇత్తావా తండ్రీ? నేను మోసిన సెయ్యి ఊరికే ఉండాలా? ఆవిడ సూత్తే మోకాళ్లే వంగవు. పిల్లనెత్తుకుని పడిపోతే ఎవరిది పూచీ? జీన్ మోకాళ్లు సూడు ప్రభువా, నువ్వే సూడు."

ఇంకా చాలా అన్నాను. కన్నీళ్లు పెట్టుకున్నాను. మధ్యలో ఎక్కడో మిగతావాళ్ల హోరు వినబడ్డం లేదే అనిపించింది, ఇంత పెద్ద గుడి కదా, గోడలు మింగేస్తున్నాయనుకున్నాను. తృప్తిగా ఆమెన్ అన్నాను.

ఆమెన్, అని గుడంతా ఒక్క గొంతుతో అంది.

కళ్లు తెరిచాను. అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. ఆ ప్రార్థనలో వాళ్లు ఒక్క నిమిషం మౌనంగా ఉంటారట. ఆ నిమిషాన్ని నేను సాగదీసి నా ఫిర్యాదంతా చదివాను, ఎవరూ ఆపలేదు. చివరికి నా కుళ్లుకు ఆ ఊరు ఊరే ఆమెన్ చెప్పింది. తెలుగు తెలిసినవాళ్లు ఇద్దరే. సుధాకర్ చెవులు మిరపపండ్లలా ఉన్నాయి. సునీత బిడ్డ దుప్పటిలో మొహం దాచుకుంది.

బయటికి వచ్చాక జీన్ గారు నేరుగా నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి. సునీతతో ఏదో అంది. సునీత నా మొహం చూడకుండా చెప్పింది.

"మీ ప్రార్థనలో ఆవిడ పేరు ఇన్నారట, ఏటడిగేరని అంతన్నారు. ఆవిడ మోకాళ్ల కోసం అని సెప్పేనండి. అబద్ధం కాదు గదా వదినా."

జీన్ గారు ఇంకా చెప్పింది. ఆవిడ భర్త పోయాక ఆ గుడిలో ఆవిడ పేరు పెట్టి ఎవరూ పైకి ప్రార్థించలేదట. అలా పేరు వినబడేసరికి ఒళ్లు జలదరించిందట. నేను కాళ్లవైపు చూశాను. ఆ రోజు నేను కూడా బూట్లు వేసుకునే ఉన్నాను.

దారిలో మా తమ్ముడు నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. ఇంటి గేటు దగ్గర ఆగాడు.

"అప్పా, నువ్వు నన్నెత్తుకుని పెంచినావు గాబట్టే నాకు తెల్సు, పిల్లకి ఎత్తుకునే మనిషొకరు కావాలని. నువ్విక్కడుండవు గదా. మరెవర్ని అడగమంటావు?"

నేను గేటు తీసుకుని లోపలికి నడిచాను.

గారెలు, జామ్

ఆ వారమంతా జీన్ గారు వచ్చినప్పుడల్లా మోకాళ్లు తట్టి చూపించి, బాగున్నాయి, నీ ప్రార్థనే అన్నట్టు సైగ చేసేది. నొప్పి తగ్గిందట. నడిచి వచ్చేది, మెట్లెక్కేది. నా నడుం నొప్పి కోసం ఎన్నేళ్లుగానో అడుగుతున్నాను, దానికి జవాబు లేదు. తిట్టినట్టు చేసిన ప్రార్థన ఆవిడకు పని చేసిందా! దీనికి కూడా కుళ్లుకున్నాను.

బాప్తిస్మం విందుకు గారెలు చేస్తానన్నాను. మినప్పప్పు పట్నంలో దొరికింది. కొత్తిమీర కట్ట ధర మన రూపాయల్లోకి మార్చి చూసి తిరిగి పెట్టేశాను, ఆ డబ్బుకు మా సంతలో సంచినిండా కూరలొస్తాయి. జీన్ గారు కేకు చేసింది. దాని మీద పంచదార పాకంతో గిలక బొమ్మ వేసింది, నేను తెచ్చిన ఏటికొప్పాక గిలక. దాన్ని ఆవిడ ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసిందో అప్పుడు తెలిసింది. గారెల మధ్య చిల్లులు చూసి అక్కడివాళ్లు తియ్యటివనుకుని, జామ్ పూసుకుని తిన్నారు. బాగున్నాయని మళ్లీ మళ్లీ అడిగారు. అల్లం చట్నీ ఎవరూ ముట్టుకోలేదు.

రాతితొట్టి దగ్గర

గారెల సంగతి ముందే చెప్పేశాను, అసలుది ఇది.

ఆ పొద్దున కేకు, గారెలు సర్దడానికి నేను ముందుగా గుడికి వెళ్లాను. జీన్ గారు అప్పటికే అక్కడ ఉంది. చిన్న నిచ్చెన ఎక్కి కిటికీలో పూలు సర్దుతోంది. దిగింది, ఇంకో కిటికీ దగ్గర మళ్లీ ఎక్కింది. నన్ను చూసి నవ్వుతూ మోకాళ్లు తట్టింది.

తలుపు దగ్గరే రాతితొట్టి ఉంటుంది. ఎనిమిది పలకల రాయి, అంచులు ఎన్నో తరాల చేతులు తాకి నున్నబడ్డాయి. నేలలో పడుకున్న ఆ మార్తకు కూడా ఇందులోనే పేరు పెట్టి ఉంటారు. మా స్టీలు గిన్నె గుర్తొచ్చింది. దాన్ని ప్రతిసారీ ఎవరో ఒకరి వంటింట్లోంచి తెస్తాం.

అమ్మగారు నీళ్లు పోసింది. సునీత బిడ్డను జీన్ గారికి అందించింది. నేను పక్కనే నిలబడ్డాను. మా తమ్ముడన్న ఆ పక్కనే.

జీన్ గారు ఒక అడుగు వేసింది. ఆగింది. మొహం చిట్లించి, మోకాలు పట్టుకుని, అబ్బా అన్నట్టు తల అడ్డంగా ఊపింది. నావైపు తిరిగి బిడ్డను నా చేతుల్లో పెట్టేసింది. పెట్టి, పక్కనున్న బల్లమీద మెల్లగా కూర్చుంది. ఆవిడకు మా పద్ధతి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. వీడియో కాల్లో అడిగితే మా తమ్ముడు గోడ చూస్తాడు.

మార్త ఏడవలేదు. నా చీర అంచు నోట్లో పెట్టుకుంది. అమ్మగారు పేరేమిటని అడిగినట్టుంది. సునీత నా మోచెయ్యి తట్టింది.

"మార్త," అన్నాను. గొంతు వణికింది.

ప్రమాణాలన్నీ జీన్ గారు కూర్చున్నచోటు నుంచే గట్టిగా చెప్పింది. ఆరాధన అయ్యాక లేచి, టీ కప్పుల పళ్లెం పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి చకచకా తిరిగింది. ఒక్కసారి కూడా కుంటలేదు. నావైపు చూడలేదు కూడా. చూస్తే నవ్వేసేదేమో.

ఆ రోజు బిడ్డను ఎత్తుకున్నది నేను, పేరు చెప్పింది నేను. అయినా గెలిచింది ఆవిడే. అలా ఇచ్చేయడం నాకు చేతనయ్యేదా అని తిరుగు విమానంలో అంతా ఆలోచించాను. ఆ గుణం కూడా ఆవిడ దగ్గరే ఉంది మరి.

మళ్లీ రేకుల కింద

మొన్న సుధాకర్ ఫోటో పంపాడు. జీన్ గారు కొత్త మోకాళ్ల పరుపు కుట్టింది. ఎర్రదారం, పసుపుదారంతో ఏటికొప్పాక గిలక, కింద మార్త పేరు. ఒక అంచున జీన్ పేరు అక్షరాలు, ఇంకో అంచున నావి. నా ఆనవాలు కూడా ఆ గుడిలోకే చేరింది. ఫోటో మా స్త్రీల సమాజంలో అందరికీ చూపించాను. ఇంత గుడికి పదిమందేనా అని వాళ్లూ కుళ్లుకున్నారు. అక్కణ్నుంచి తిరిగి బయల్దేరేముందు జీన్ గారికి మా నిరుటి క్రిస్మస్ ఆరాధన ఫోన్లో చూపించాను. ఆవిడ మా రేకుల్ని చూడలేదు, చాపల మీది పిల్లల్ని చూసింది. ఇంతమందా, అని ఒక్కమాట అంది. మళ్లీ మొదటినుంచి పెట్టమంది. ఆ మాటలో ఉన్నది ఏమిటో నాకు బాగా తెలుసు, నెల రోజులుగా నేను మోస్తున్నదే.

మార్తకు పళ్లు వచ్చాయి. బల్లలు పట్టుకుని నిలబడుతోందట. నిన్న ఆదివారం గుడిలో వాన. అయ్యగారు ప్రార్థిద్దాం అన్నారు. రేకుల మోత, వందమంది మొర, ఎవరిది ఎవరికీ వినబడదు. నేను చాపమీద మోకాళ్లేసి, ఈసారి గట్టిగానే అడిగాను.

"జీన్ మోకాళ్లు సూడు ప్రభువా. పిల్ల నడిసేత్తాది. ఎనకాల పరిగెట్టాల్సింది ఆవిడే."